గర్భంలో కిడ్నీ జబ్బు, 3వ పాఠం: ల్యాబ్ రిపోర్ట్ చదవడం

పోయిన పాఠంలో మందుల చీటీ చూశాం. బీపీ మందులు ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్ ఎందుకు ఆపుతారో, వాటి బదులు లాబెటలాల్, నిఫెడిపిన్ ఎందుకు రాస్తారో మాట్లాడుకున్నాం. ఈసారి రక్తం రిపోర్ట్. ఏఎన్ఎంలు, స్టాఫ్ నర్సులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే, అదీ ఆ కాగితం వల్లే.

క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి పంపాల్సిన వ్యర్థం, డెసిలీటర్‌కు మిల్లీగ్రాముల్లో కొలుస్తారు) పక్కన నార్మల్ 0.6–1.2 అనో, అలాంటిదే ఇంకోటో అచ్చువేసి ఉంటుంది కదా, అది గర్భిణుల కోసం వేసింది కాదు. గర్భం వచ్చిన కొద్ది వారాలకే కిడ్నీల వడపోత దాదాపు సగం పెరుగుతుంది, దాంతో ఆరోగ్యంగా ఉన్న గర్భిణికి క్రియాటినిన్ 0.4–0.8 మధ్యకు దిగుతుంది. కాబట్టి 1.0 కనిపిస్తే, పక్కన ఎక్కువని చెప్పే స్టార్ గుర్తు లేకపోయినా సరే, డాక్టర్‌కి చూపించాలి. ఈజీఎఫ్ఆర్ (క్రియాటినిన్‌ నుంచి లెక్కగట్టే వడపోత అంచనా) అంకె గర్భంలో పనికిరాదు, వదిలేయండి.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం ఉద్దానం వైపు పనిచేసేవాళ్లకు ఒక మాట. అక్కడి జబ్బులో మూత్రంలో ప్రోటీన్ పెద్దగా పడకపోవచ్చు, అందుకని మూత్రంలో ముంచి చూసే స్ట్రిప్ బాగుందని ఊరుకోకుండా క్రియాటినిన్ చేయించండి.

జబ్బు ముదిరినవాళ్ల విషయంలో ఒక్క అంకె చూస్తే చాలదు. గర్భానికి ముందు ఎంత ఉండేదో పాత కాగితాలు అడిగి తెప్పించుకోండి (బీరువాలో చీరల కింద ఉంటాయి, ఉన్నాయో లేదో చూస్తామంటారు, పట్టుబట్టండి). ముందు 2.0 ఉండి పదో వారంలోనూ 2.0 ఉంటే "పెరగలేదు, మంచిదే" అనుకుంటాం, కానీ దిగాల్సింది దిగలేదంటే కిడ్నీల దగ్గర మిగులు శక్తి లేదన్నమాట. కనీసం నెలకోసారి పరీక్ష, పెరుగుతుంటే ఇంకా త్వరగా.

తర్వాత యూరియా, ఇదీ కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థమే. డెసిలీటర్‌కు 100 మిల్లీగ్రాములు దాటేలోపే నెఫ్రాలజిస్ట్‌తో (కిడ్నీ డాక్టర్‌తో) డయాలసిస్ మాట వచ్చి ఉండాలి, ఎందుకంటే అంత యూరియా బిడ్డకు మంచిది కాదు. యూరియా పెరిగినా వాంతులవుతాయి, అవి మొదలయ్యాక చూద్దామంటే, వేవిళ్లని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు. ఇంకో చిక్కు, కొన్ని ల్యాబ్‌లు యూరియా బదులు బీయూఎన్ (యూరియాలోని నైట్రోజన్ మాత్రమే) ఇస్తాయి, దాన్ని 2.14తో గుణిస్తేనే యూరియా వస్తుంది.

డయాలసిస్ ఎంతసేపు అన్నది ఇంకా ముఖ్యం. టొరంటో, అమెరికా కేసులను పోల్చి 2014లో వచ్చిన అధ్యయనంలో, వారానికి 36 గంటలు దాటి చేయించుకున్నవాళ్లలో 85 శాతం గర్భాలు, 20 గంటలు, అంతకంటే తక్కువ చేయించుకున్నవాళ్లలో 48 శాతం గర్భాలు సజీవ ప్రసవం దాకా వెళ్లాయి. మన దగ్గర మామూలుగా నాలుగు గంటల చొప్పున వారానికి రెండు మూడుసార్లు, అంటే 8–12 గంటలే. గర్భిణికి ఈ లెక్క సరిపోదని యూనిట్‌లో గట్టిగా అడగాల్సింది మీరే.

అభ్యాసం: గర్భానికి ముందు క్రియాటినిన్ 1.6, యూరియా 50. తొమ్మిదో వారంలో 1.5, యూరియా 48. పదహారో వారంలో వేరే ల్యాబ్‌లో 1.9, బీయూఎన్ 42. వాంతులున్నాయి, అత్తగారు వేవిళ్లే అంటున్నారు. డాక్టర్‌కి ఫోన్‌లో ఏం చెబుతారో నాలుగు వాక్యాల్లో రాసుకోండి, నాలుగో పాఠం అక్కడినుంచే మొదలుపెడదాం.