ఇంటి ఫోటోలకు చిన్న డిజిటల్ కెమెరాను ఎంచుకోవడం

కుటుంబ ఫోటోల కోసం చిన్న డిజిటల్ కెమెరా కొనేవారు ముందుగా చూడవలసింది మెగాపిక్సెళ్ల సంఖ్యను కాదు, కాంతిని గ్రహించి చిత్రంగా మార్చే సెన్సర్ పరిమాణాన్ని. 12 మెగాపిక్సెళ్ల చిత్రాన్ని అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున ముద్రించినా సుమారు 13 అంగుళాల వెడల్పు వస్తుంది. ఆల్బమ్‌కు అంతకు మించి అవసరం లేదు. మన ఫోటోలలో చాలావరకు అన్నప్రాశన, పుట్టినరోజు వంటి సందర్భాలలో, ఇంటి లోపల, ట్యూబ్‌లైటు వెలుతురులో తీసేవే కాబట్టి, తక్కువ కాంతిలోనూ ముఖాలను స్పష్టంగా పట్టగల సెన్సర్ కావాలి. చవక కెమెరాలలో సాధారణంగా ఉండే 1/2.3 అంగుళాల సెన్సర్ కన్నా 1 అంగుళం రకం సెన్సర్ వైశాల్యం దాదాపు 4 రెట్లు ఉంటుంది. ధర ఎక్కువే అయినా, నా దృష్టిలో ఆ ఖర్చు సార్థకమే.

లెన్స్‌పై ఎఫ్/1.8 వంటి చిన్న సంఖ్య ఉండడం మంచిది, అది చిన్నదైనకొద్దీ ఎక్కువ కాంతి లోపలికి వస్తుంది; అయితే జూమ్ చేసినకొద్దీ ఆ సంఖ్య సాధారణంగా పెరుగుతుంది గనుక జూమ్ రెండు కొసల విలువలనూ గమనించాలి. ఇమేజ్ స్టెబిలైజేషన్ చేతి వణుకును సరిచేస్తుందే తప్ప పరుగెత్తే పిల్లల కదలికను ఆపలేదు. అందుకు 1/250 సెకను లేదా అంతకన్నా వేగమైన షట్టర్ అవసరం. చిత్రంలో కొంత భాగాన్ని కత్తిరించి పెద్దది చేసే డిజిటల్ జూమ్‌ను లెక్కలోకి తీసుకోనక్కరలేదు.

దుకాణంలో, వీలైతే, వెలుతురు తక్కువగా ఉన్న మూలలో ఒకరి ముఖాన్ని ఫోటో తీసి, తెరపై పెద్దది చేసి, కళ్లు స్పష్టంగా ఉన్నాయో లేదో చూడండి.