షరతు సంభావ్యత, 3వ పాఠం: హారం మారేది ఎక్కడ?

పోయిన పాఠంలో ఇచ్చిన లెక్కతోనే మొదలుపెడదాం. రెండు పాచికలు వేశాం. మొత్తం 8 వచ్చిందని తెలిస్తే, కనీసం ఒకదానిపై 3 పడి ఉండే సంభావ్యత ఎంత?

చాలామంది 2/36 అని రాసేస్తారు. లవం సరిగ్గానే ఉంది. తప్పంతా హారంలోనే.

"అని తెలిస్తే" అనే మాట కనబడగానే ఒక్క క్షణం పెన్ను ఆపండి. దానికి ముందున్నదే షరతు. మొత్తం 8 అని తెలిశాక 36 ఫలితాలతో మనకిక పని లేదు. మిగిలినవి ఐదే: (2,6), (3,5), (4,4), (5,3), (6,2). ఇదే మన కొత్త శాంపుల్ ఆవరణం, అంటే సాధ్యమయ్యే ఫలితాలన్నిటి జాబితా. వీటిలో 3 ఉన్నవి రెండు. జవాబు 2/5.

సూత్రంతో చేసినా అంతే. రెండు ఘటనలూ కలిసి జరిగే సంభావ్యత 2/36. దాన్ని షరతు నిజమయ్యే సంభావ్యత 5/36తో భాగిస్తే 36లు కొట్టుకుపోయి 2/5 మిగులుతుంది. అయినా మొదట్లో కొన్నాళ్లు జాబితా రాసే చేయండి. సూత్రం అసలు ఏం చేస్తోందో అప్పుడే కంటికి కనబడుతుంది.

ఇప్పుడు ప్రశ్న తిరగేద్దాం. కనీసం ఒకదానిపై 3 పడిందని తెలిస్తే, మొత్తం 8 అయ్యే సంభావ్యత ఎంత? మొదటి పాచికపై 3 ఉన్నవి ఆరు, రెండో దానిపై 3 ఉన్నవి ఆరు, కాబట్టి 12 అనిపిస్తుంది. కానీ (3,3) రెండు వైపులా లెక్కలోకి వచ్చింది. ఒకటి తీసేస్తే 11. జవాబు 2/11. అవే రెండు ఘటనలు, షరతు మారేసరికి జవాబే మారిపోయింది!

ఇంకో చిక్కు ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. తెలుగు వాక్యంలో సాధారణంగా షరతు ముందు వస్తుంది, అడిగేది తర్వాత వస్తుంది. సంకేతంలో రాసేటప్పుడు ఇది తిరగబడుతుంది: P(అడిగేది | షరతు), అంటే అడిగేది నిలువు గీతకు ఎడమవైపు, షరతు కుడివైపు. వాక్యం వరసలోనే రాసుకుంటూ పోతే మొదటి లెక్కకు 2/11 వస్తుంది. అందుకే ముందు షరతు కింద గీత గీసుకోండి, సంకేతం ఆ తర్వాత రాయండి.

సంచిలోంచి బంతులు తీసే లెక్కలు దీనికన్నా తేలిక. 5 ఎర్రవి, 3 నీలివి ఉన్నాయి. మొదట ఎర్రది తీసి, తిరిగి వేయలేదు. రెండోదీ ఎర్రదయ్యే సంభావ్యత 4/7.

వచ్చే పాఠం లోపు ఇది చేయండి. మూడు నాణేలు ఎగరేశారు. కనీసం ఒక బొమ్మ పడిందని తెలిస్తే, సరిగ్గా రెండు బొమ్మలు పడి ఉండే సంభావ్యత ఎంత? షరతును "మొదటి నాణెంపై బొమ్మ పడింది" అని మారిస్తే ఎంత? రెండిటికీ జాబితాలు పక్కపక్కనే రాయండి. జవాబులు ఒకటే వస్తే మొదటి జాబితా మళ్లీ చూసుకోండి, అందులో ఏడు ఫలితాలు ఉండాలి.