లేజర్ ఆన్ చేసే ముందు స్పెక్ట్రమ్ చూడండి

బంగారు నానోరాడ్‌ల మీద, అంటే కంటికి కనబడనంత చిన్న బంగారు కడ్డీల మీద లేజర్ వేసి, ఆ వేడితో క్యాన్సర్ కణాలను చంపే ప్రయోగాన్ని ల్యాబ్‌లో మొదటిసారి చేయబోయేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను పాడుచేసిన ప్లేట్ల (కణాలు పెంచే చిన్న చిన్న గుంటల పళ్లేల) లెక్క ఎప్పుడో మరిచిపోయాను.

800 నానోమీటర్ల దగ్గర కాంతిని బాగా పీల్చుకునే రాడ్‌లు తీసుకోండి. సుమారు 650 నుంచి 900 నానోమీటర్ల మధ్య కాంతిని రక్తం, నీరు తక్కువగా అడ్డుకుంటాయి, అందుకే అది ఒంట్లోకి కాస్త లోతుగా దిగుతుంది. 808 నానోమీటర్ల లేజర్ సరిపోతుంది. ఆ కాంతి కంటికి దాదాపు కనబడదు, కానీ కన్ను పోగొట్టగలదు. దానికి తగిన గాగుల్స్ లేకుండా గదిలోకే వెళ్లకండి.

అసలు తలనొప్పి సీటాబ్‌తో. రాడ్‌లు పెరిగేది ఈ సబ్బులాంటి రసాయనంలోనే, కణాలకు మాత్రం అది విషం. నా మొదటి ప్లేట్‌లో లేజర్ పడిన గుంటలో కణాలన్నీ చచ్చాయని తెగ సంబరపడ్డాను. పక్కనే లేజర్ పడని గుంటలోనూ చచ్చే ఉన్నాయి! అప్పటినుంచి నాలుగు గుంటలు లేకుండా ప్రయోగం మొదలుపెట్టను: ఏమీ లేనిది, రాడ్‌లు మాత్రమే, లేజర్ మాత్రమే, రెండూ కలిపింది.

సీటాబ్ పోవాలంటే సెంట్రిఫ్యూజ్‌లో ఒకసారి తిప్పి, పైన తేరిన నీళ్లు తీసేసి, థయోల్ (బంగారానికి అతుక్కునే గంధకపు కొస) ఉన్న పెగ్ అనే పాలిమర్ కలిపి రాత్రంతా ఉంచండి. తర్వాత మళ్లీ కడగండి. పెగ్ పట్టకముందే అతిగా కడిగితే రాడ్‌లు గడ్డకడతాయి. ఎర్రటి గోధుమరంగు పోయి బూడిదరంగు తిరిగిందంటే ఆ ట్యూబ్ పారబోయాల్సిందే. ఇంకో మాట, ఏసీ గట్టిగా వేస్తే సీటాబ్ తెల్లటి స్ఫటికాలై అడుగుకు చేరుతుంది. కంగారు పడకండి, గోరువెచ్చని నీళ్లలో ట్యూబ్ పెడితే కరిగిపోతుంది.

ఉష్ణోగ్రత కొలిచేటప్పుడు థర్మోకపుల్ (వేడి కొలిచే లోహపు తీగ) కొసను లేజర్ దారిలో పెట్టకండి. కాంతికి ఆ లోహమే వేడెక్కి దొంగ లెక్క చూపిస్తుంది.

ఇమేజింగ్‌కి ఇవే రాడ్‌లు పనికొస్తాయి. నానోసెకండ్ల పల్స్ లేజర్ తగలగానే రాడ్, దాని చుట్టూ ఉన్న నీరు వేడెక్కి వ్యాకోచిస్తాయి. ఆ కుదుపు అల్ట్రాసౌండ్‌గా బయటికొస్తే డిటెక్టర్ పట్టుకుంటుంది. ఫోటోఅకౌస్టిక్ అంటే ఇదే. బొమ్మ బాగా రావాలని పల్స్ శక్తి పెంచబుద్ధవుతుంది. పెంచితే రాడ్‌లు కరిగి గుండ్రటి బంతులైపోతాయి. అందుకే ఇమేజింగ్‌కి ముందూ తర్వాతా స్పెక్ట్రమ్ (ఏ నానోమీటర్ల దగ్గర కాంతిని ఎంత పీల్చుకుంటున్నాయో చూపే గ్రాఫ్) తీయండి. 800 దగ్గరి గుట్ట కూలిపోయి 520 దగ్గర బంతుల గుట్ట ఒక్కటే మిగిలిందా, ఆ శాంపిల్‌తో ఇక చికిత్స ప్రయోగం చేయకండి. 808 లేజర్‌కి అది దాదాపు వేడెక్కదు, కొత్త ట్యూబ్ తీసుకోండి.