రికర్సివ్ క్వెరీ ఆగడం లేదా? పేరెంట్ ఐడీ టేబుల్‌లో వచ్చే చిక్కులు

కేటగిరీలు, ఉద్యోగులు - మేనేజర్లు, ఫోల్డర్లు: ఇలాంటి ట్రీ డేటాను చాలామంది ఒకే టేబుల్‌లో పెట్టి, ప్రతి రోకీ పేరెంట్ ఐడీ (దాని పైనున్న రో ఐడీ) ఇస్తారు. ఈ ట్రీలో ఒక్కో లెవెల్ దాటుతూ, వచ్చిన ఫలితం మీదే మళ్లీ నడిచేది రికర్సివ్ క్వెరీ. పద్ధతి మంచిదే. చిక్కు రాగానే డిజైన్ మార్చేయకండి, ముందు డేటా చూడండి.

సమస్య: క్వెరీ ఆగదు, లేదా రికర్షన్ లిమిట్ దాటిందంటుంది

మామూలుగా ఎస్‌క్యూఎల్ సర్వర్ 100 లెవెల్స్ దగ్గర, మైఎస్‌క్యూఎల్ 8.0 అయితే 1000 దగ్గర ఆపేస్తాయి. పోస్ట్‌గ్రెస్‌లో అలాంటి లిమిట్ లేదు, తిరుగుతూనే ఉంటుంది. లిమిట్ పెంచితే సరిపోతుందనుకోవద్దు. వంద లెవెల్స్ ఉన్న కేటగిరీ ట్రీ చాలా అరుదు.

కారణం: లూప్. 7కి పేరెంట్ 12, 12కి పేరెంట్ 30, 30కి మళ్లీ 7. ఎవరో ఒక ఫోల్డర్‌ని దాని కిందున్న ఫోల్డర్‌లోకే జరిపారన్నమాట. ఫారిన్ కీ (ఇచ్చిన పేరెంట్ ఐడీ టేబుల్‌లో ఉండాలనే నియమం) దీన్ని పట్టుకోలేదు. ఆ ఐడీతో రో ఉందా అన్నదే అది చూస్తుంది. ఇంకో ప్రమాదం ఉంది: రూట్ (పేరెంట్ లేని, అన్నిటికన్నా పైనున్న రో) నుంచి కిందికి వెళ్లే క్వెరీకి ఈ లూప్ తగలదు, ఎర్రర్ రాదు. ఆ మూడు రోలూ, వాటి కిందున్నవన్నీ రిపోర్ట్‌లోంచి మాయమవుతాయి, అంతే. అందుకే రూట్ నుంచి అందిన రోల సంఖ్యను టేబుల్ మొత్తంతో పోల్చి చూడండి.

పరిష్కారం: దాటొచ్చిన ఐడీలను క్వెరీలోనే పోగేసుకుంటూ, వచ్చిన ఐడీ మళ్లీ వస్తే అక్కడ ఆపండి. పోస్ట్‌గ్రెస్ 14 నుంచి ఇందుకు సైకిల్ క్లాజ్ ఉంది, ఒరాకిల్‌లో నోసైకిల్ ఉంది. లూప్ దొరికాక సరైన పేరెంట్ ఇవ్వండి. ఇకపై ఏ రోనైనా జరిపే ముందు కొత్త పేరెంట్ నుంచి రూట్ దాకా పైకి వెళ్లి చూడాలి. దారిలో జరుపుతున్న రోనే ఎదురైతే ఒప్పుకోకూడదు. ఈ చెక్, అప్‌డేట్ ఒకే ట్రాన్సాక్షన్‌లో, లాక్ తీసుకుని (మధ్యలో ఇంకొకరు మార్చకుండా ఆపి) చేయండి. లేకపోతే ఇద్దరు ఒకేసారి జరిపినప్పుడు ఇద్దరి చెక్ పాసై లూప్ పడుతుంది.

సమస్య: ఫలితం సరైనదే, కానీ నెమ్మది

పేరెంట్ ఐడీ మీద ఇండెక్స్ (రోలను త్వరగా వెతికిపెట్టే సూచిక) ఉందా? లేకపోతే వేయండి. మైఎస్‌క్యూఎల్ వాడే ఇన్నోడీబీ ఫారిన్ కీకి తానే ఇండెక్స్ వేస్తుంది, పోస్ట్‌గ్రెస్ వేయదు.

సమస్య: పాత్ కాలమ్ వాడితే వేరే కొమ్మ రోలూ వస్తున్నాయి

పాత్ కాలమ్ అంటే రూట్ నుంచి ఆ రో దాకా దారిని రాసిపెట్టే కాలమ్. పాత్ '1/1' తో మొదలయ్యేవి అడిగితే '1/12' కూడా వస్తుంది. ప్రతి పాత్ చివరా స్లాష్ ఉంచి, '1/1/' తో మొదలయ్యేవే వెతకండి.