ప్రజారోగ్య సమాచారం రాయడం – నాలుగో పాఠం: సలహా మారినప్పుడు

"ఈ నిపుణులు పూటకో మాట చెబుతారు, వీళ్లను నమ్మడం దండగ" అనే వ్యాఖ్యకు మూడు వాక్యాలలో జవాబు రాయమని గత పాఠం చివర కోరాను. "సైన్సు అంటేనే మారుతూ ఉంటుంది, అది తెలియనివాళ్లు మాట్లాడకపోవడం మంచిది" అనే ధోరణిలో మీ జవాబు సాగి ఉంటే దానిని పారేయకండి, ఈ పాఠం చివర మళ్లీ పనికొస్తుంది. అందులో మొదటి సగం నిజమే. రెండో సగం మాత్రం, చదువుకున్నవాళ్లు తనను చులకనగా చూస్తారని అవతలి మనిషి ఎప్పటినుంచో పడుతున్న అనుమానానికి మనమే రుజువు తెచ్చి ఇచ్చినట్లవుతుంది.

మేధావి వ్యతిరేకతను, అంటే నిపుణుల మాటల మీద ఉండే అపనమ్మకాన్ని, అజ్ఞానంగా పొరబడడం ఈ పనిలో అన్నిటికన్నా తరచుగా జరిగే తప్పు. నిపుణులను తిరస్కరించేవారిలో బాగా చదువుకున్నవారు, లెక్కలు క్షుణ్ణంగా తెలిసినవారు కూడా ఉంటారు. వారి అభ్యంతరం ఫలానా టీకా మీదనో, మందు మీదనో మొదలైనట్లు కనిపించినా, దాని వేరు "నాకేది మంచిదో చెప్పడానికి వీళ్లెవరు" అన్న ప్రశ్నలో ఉంటుంది. అందువల్ల మరిన్ని గణాంకాలు కుమ్మరించడం వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు. నమ్మకం ఎక్కడ తెగిందో వెతకాలి. అలా వెతికినప్పుడు, తెగిన చోట మన వైపు వాక్యమే ఒకటి కనిపించడం అరుదు కాదు.

2020 ఫిబ్రవరి 29న అమెరికా సర్జన్ జనరల్ (ప్రజారోగ్యంపై ప్రభుత్వం తరఫున మాట్లాడే ప్రధాన వైద్యాధికారి) జెరోమ్ ఆడమ్స్ ట్విట్టర్‌లో, మాస్కులు కొనడం ఆపండని, సామాన్య ప్రజలకు కరోనా సోకకుండా అవి కాపాడలేవని, వైద్య సిబ్బందికి అవి దొరక్కపోతే అందరికీ ముప్పేనని రాశారు. సామాన్యుడికి పనికిరాని వస్తువు వైద్యుడికి మాత్రం ఎలా పనికొస్తుందన్న సందేహం చదివిన ప్రతివారికీ కలుగుతుంది, కలగాలి కూడా. ఏప్రిల్ 3న అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సి.డి.సి. బయటికి వెళ్లేటప్పుడు గుడ్డతో ముఖం కప్పుకోమని సూచించింది. ఇంట్లో ఉన్న బట్టతో మాస్కు చేసుకోవడం ఎలాగో ఆడమ్స్ స్వయంగా వీడియోలో చూపించారు. ఈ మార్పుకు కారణం ఉంది: లక్షణాలు లేనివారి నుంచి కూడా వ్యాధి వ్యాపిస్తున్నదని ఆ మధ్యకాలంలో స్పష్టమైంది. అయితే మొదటి సలహా వెనుక ఉన్న అసలు బెంగ మాస్కుల కొరత. "మాస్కులు సరిపడా లేవు, ముందుగా వైద్య సిబ్బందికి వదలండి" అని అడిగి ఉంటే, ఐదు వారాల తర్వాత వెనక్కి తీసుకోవలసిన మాట ఏదీ ఉండేది కాదు.

రెండో ఉదాహరణ ఇంకా సూక్ష్మమైనది. 2020 మార్చి 28న ప్రపంచ ఆరోగ్య సంస్థ, కోవిడ్ గాలి ద్వారా వ్యాపించదన్న మాటకు "వాస్తవం" అని పెద్ద అక్షరాలలో తల కట్టి ప్రకటించింది. అదే ఏడాది జూలైలో 239 మంది శాస్త్రవేత్తలు దానితో విభేదిస్తూ బహిరంగ లేఖ రాశారు. 2021లో ఆ సంస్థే గాలి ద్వారా వ్యాప్తి ఉన్నదని తన సమాచార పేజీలో చేర్చుకున్నది. ఇక్కడ పొరపాటు అంచనాలో కన్నా, అంచనాకు తగిలించిన "వాస్తవం" అనే ముద్రలోనే ఎక్కువగా ఉన్నది. ఆ నాటి ఆధారాలతోనే ఇలా రాయవచ్చు:

"ఇప్పటివరకు తెలిసినదాన్ని బట్టి, ఈ వ్యాధి ముఖ్యంగా దగ్గరగా ఉన్నవారి తుంపర్ల ద్వారా సోకుతున్నదని భావిస్తున్నాము. గాలిలో ఎక్కువసేపు నిలుస్తుందా లేదా అన్నది ఇంకా తేలలేదు. తేలేవరకు గాలి ఆడని ఇరుకు గదులలో గుమికూడకండి."

ఈ మూడు వాక్యాలను రెండుసార్లు చదవండి. మొదటిది ఆధారం ఎంతవరకు ఉన్నదో చెబుతుంది, రెండోది ఏ వైపు మారవచ్చో ముందే చూపిస్తుంది, మూడోది సందేహం ఉండగానే చేయగలిగిన పని అప్పగిస్తుంది. మూడోది లేని పోస్టు చదువరిని భయంతో వదిలేస్తుంది కాబట్టి దానిని ఎన్నడూ తీసేయవద్దు.

అలాగని ప్రతి వాక్యానికీ "కావచ్చు" తగిలించడం కూడా అబద్ధమే. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా టీకాకు ఆటిజంతో సంబంధం ఉన్నదన్న అనుమానాన్ని లేపిన 1998 నాటి వ్యాసంలో పరిశీలించినది 12 మంది పిల్లలను. దానిని ప్రచురించిన లాన్సెట్ వైద్య పత్రికే 2010లో ఉపసంహరించుకున్నది. 2019లో వెలువడిన డెన్మార్క్ అధ్యయనం 6,57,461 మంది పిల్లల వివరాలు పరిశీలించి, ఆ టీకా వల్ల ఆటిజం ముప్పు పెరగడం లేదని తేల్చింది. ఇలాంటి చోట "సంబంధం లేదు" అని సూటిగా రాయాలి. తేలినదాన్ని తేలనట్లు రాస్తే, తేలనిదాని గురించి మనం పడ్డ జాగ్రత్తకు విలువ పోతుంది.

ఇక మార్పు రానే వచ్చినప్పుడు పాత పోస్టును చెరిపేయకండి. ఎవరో ఒకరు దాని ఫొటో తీసి పెట్టుకునే ఉంటారు. పాత మాటను యథాతథంగా ఉటంకించి, ఆ తర్వాత ఏ కొత్త ఆధారం వచ్చిందో, దాని వల్ల నేటి నుంచి ఏం మారుతుందో చెప్పండి. పాత సలహా వల్ల ఎవరైనా నష్టపోయి ఉండే అవకాశం ఉంటే ఆ సంగతిని ఒప్పుకోండి. "మేము మొదటినుంచీ ఇదే చెబుతున్నాము" అన్న వాక్యాన్ని మాత్రం, ఎంత ఒత్తిడి ఉన్నా, రాయకండి.

అభ్యాసం: "ఈ కొత్త మందు పూర్తిగా సురక్షితం, భయపడనవసరం లేదు" అన్న పోస్టును పై మూడు వాక్యాల పద్ధతిలో తిరగరాయండి, మందును ఎంతమందిపై, ఎంతకాలం పరీక్షించారో చెప్పడానికి ఖాళీలు వదలండి. తర్వాత, పక్కన పెట్టుకున్న పాత జవాబును తీసి, అందులో అవతలి మనిషిని తక్కువ చేసే మాటల కింద గీత గీసి, ఆ మాటలు లేకుండా మళ్లీ రాయండి. "ముప్పు రెట్టింపు" అన్న మాట అసలు సంఖ్యలు లేకుండా ఎంత కీడు చేస్తుందో ఐదో పాఠంలో చూద్దాం. దానికోసం, ఆ మాట ఉన్న వార్త ఒకటి వెతికి సిద్ధంగా ఉంచుకోండి.