ఐస్ హాకీ ఫార్వర్డ్ కెరీర్‌ను గణాంకాల పట్టిక నుంచి చదవడం ఎలా?

వృత్తిగా ఐస్ హాకీ ఆడిన ఏ ఫార్వర్డ్ గురించి వెతికినా మొదట ఎదురయ్యేది ఒక పట్టిక. సీజన్‌కు ఒక వరుస చొప్పున అందులో జట్టు, లీగ్, ఆడిన మ్యాచ్‌లు, గోల్స్, అసిస్ట్‌లు, పాయింట్లు, పెనాల్టీ నిమిషాలు (తప్పు చేసినందుకు ఆటకు బయట కూర్చున్న సమయం) ఉంటాయి. ఈ ఆటను కొత్తగా చూస్తున్నవారు నేరుగా అట్టడుగున ఉన్న మొత్తం పాయింట్ల దగ్గరికి వెళ్లి, ఆ అంకె పెద్దదైతే గొప్ప ఆటగాడని, చిన్నదైతే సామాన్యుడని తేల్చేస్తుంటారు. దానికి బదులు పైనుంచి కిందికి వస్తూ, ఆ ఏడాది అతని వయసెంత, ఏ లీగ్‌లో ఆడాడు, మ్యాచ్‌లో ఎంతసేపు రింక్‌లో, అంటే మంచు మైదానంలో, ఉన్నాడు, పక్కన ఎవరు ఆడారు అని ప్రతి వరుస దగ్గరా అడగాలి. ఈ నాలుగింటికీ జవాబు దొరికితే అంకెలకు అర్థం వస్తుంది.

ముందుగా కొన్ని ప్రాథమిక విషయాలు తెలియాలి. రింక్‌లో ఒక్కో జట్టుకు గోలీ (గోల్‌కీపర్)తో కలిపి ఆరుగురు ఉంటారు. వారిలో ముగ్గురు ఫార్వర్డ్‌లు, అంటే ఒక సెంటర్, ఎడమ కుడి వైపుల ఇద్దరు వింగర్లు. ఉత్తర అమెరికాలోని అగ్రశ్రేణి లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక జట్టు మ్యాచ్‌కు సాధారణంగా 12 మంది ఫార్వర్డ్‌లను తీసుకుని, ముగ్గురేసి చొప్పున నాలుగు లైన్లుగా దింపుతుంది. ఒక లైన్ ముప్పావు నిమిషం పాటు పూర్తి వేగంతో ఆడి బెంచీకి చేరుతుంది, మరో లైన్ దూకుతుంది. 60 నిమిషాల ఆటలో మొదటి లైన్ ఫార్వర్డ్‌కు దాదాపు 20 నిమిషాలు దక్కితే, నాలుగో లైన్‌లో ఉన్నవాడికి అందులో సగం దక్కడమే ఎక్కువ. అందుచేత 30 పాయింట్లు చేసిన ఇద్దరు ఆటగాళ్లు సమానమని అనుకునే ముందు, మ్యాచ్‌కు సగటున ఎంతసేపు ఆడారో చెప్పే గడిని తప్పక చూడాలి.

ఇక పాయింట్ల సంగతి. గోల్‌కు ఒక పాయింట్, అసిస్ట్‌కు, అంటే గోల్‌కు దారితీసిన పాస్‌కు, ఒక పాయింట్. ఒక గోల్‌కు గరిష్ఠంగా ఇద్దరికి అసిస్ట్ ఇస్తారు. సెంటర్ల అసిస్ట్‌లు గోల్స్ కంటే బాగా ఎక్కువగా కనిపించడం మామూలే, ఎందుకంటే పక్‌ను (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్లను) మధ్యలోంచి తీసుకెళ్లి పంచే పని ఎక్కువగా వారిదే. ఎన్‌హెచ్‌ఎల్‌లో అత్యధిక పాయింట్లు చేసిన వేన్ గ్రెట్జ్‌కీ 1,487 మ్యాచ్‌లలో 894 గోల్స్, 1,963 అసిస్ట్‌లు చేశాడు; అతని గోల్స్ అన్నీ తీసేసినా, మిగిలిన అసిస్ట్‌లే రెండో స్థానంలో ఉన్న యారోమీర్ యాగర్ మొత్తం పాయింట్లను (1,921) దాటిపోతాయి.

ప్లస్–మైనస్ అనే గడి కూడా ఉంటుంది. ఆటగాడు రింక్‌లో ఉండగా తన జట్టు గోల్ చేస్తే ఒకటి కలుపుతారు, ప్రత్యర్థి చేస్తే ఒకటి తీసేస్తారు. ప్రత్యర్థికి ఒక ఆటగాడు తక్కువున్న సమయంలో, అంటే పవర్ ప్లేలో, వచ్చిన గోల్స్‌ను మాత్రం ఇందులో లెక్కించరు. ఇది గోలీ మీదా, తోటి ఆటగాళ్ల మీదా ఎంతగానో ఆధారపడే అంకె కనుక, ఒక్క సీజన్ ప్లస్–మైనస్‌ను చూసి ఎవరినీ అంచనా వేయకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

పట్టికలోని పై వరుసలు సాధారణంగా జూనియర్ లీగ్‌లవి. కెనడాలోని మూడు ప్రధాన జూనియర్ లీగ్‌లలో ప్రధానంగా 16 నుంచి 20 ఏళ్ల వారు ఆడతారు. అక్కడ నూరు పాయింట్లు దాటినవారు ఏటా కనిపిస్తారు, కాబట్టి ఆ అంకెకు అబ్బురపడనవసరం లేదు, వయసు చూడాలి. పదిహేడేళ్ల కుర్రవాడు తనకంటే పెద్దవాళ్ల మీద చేసిన 80 పాయింట్లకు, ఇరవై ఏళ్ల యువకుడు తనకంటే చిన్నవాళ్ల మీద చేసిన 110 కంటే విలువ ఎక్కువ. స్వీడన్, ఫిన్లాండ్ ఆటగాళ్ల విషయంలో ఇది తలకిందులుగా ఉంటుంది: పద్దెనిమిదేళ్ల వయసులో అక్కడి అగ్రశ్రేణి లీగ్‌లో పెద్దవాళ్ల మధ్య 40 మ్యాచ్‌లు ఆడి పది పాయింట్లే తెచ్చుకున్నా, అది బలమైన సూచనే.

ఆ తరువాత డ్రాఫ్ట్. ఏడు రౌండ్లలో జట్లు యువ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకుంటాయి. ఆ ర్యాంకును ఆ నాటి అంచనాగా మాత్రమే తీసుకోవాలి. పావెల్ దత్స్యుక్‌ను 1998లో 171వ స్థానంలోనూ, హెన్రిక్ జెట్టర్‌బర్గ్‌ను 1999లో 210వ స్థానంలోనూ తీసుకున్నారు. మార్టిన్ సాన్ లూయీని ఎవరూ తీసుకోనేలేదు. 2004లో అతడే లీగ్ అత్యంత విలువైన ఆటగాడయ్యాడు. ఒకే సీజన్‌కు రెండు వరుసలు, ఒకటి ఎన్‌హెచ్‌ఎల్‌ది, ఒకటి దాని కింది స్థాయి అయిన ఏహెచ్‌ఎల్‌ది కనిపిస్తే, అతణ్ని పైకీ కిందికీ పంపుతూ పరీక్షిస్తున్నారని అర్థం. ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్లకు అది శిక్షణలో భాగమే. ఇరవై ఎనిమిదేళ్లకు అదే కనిపిస్తే సంగతి వేరు.

మ్యాచ్‌ల సంఖ్య చూసేటప్పుడు ఆటగాడితో సంబంధం లేని కోతలను గుర్తించాలి. 1995–96 నుంచి 2025–26 వరకు ఎన్‌హెచ్‌ఎల్ పూర్తి సీజన్ 82 మ్యాచ్‌లది. అయితే యజమానులకూ ఆటగాళ్లకూ మధ్య వివాదం వల్ల 2004–05 సీజన్ అసలు జరగలేదు, 2012–13లో 48 మ్యాచ్‌లే జరిగాయి. కోవిడ్ తరువాతి 2020–21లో 56 జరిగాయి. అందుకే పాయింట్లను మ్యాచ్‌లతో భాగించి 82తో గుణిస్తే సీజన్లను పక్కపక్కన పెట్టడానికి వీలవుతుంది. కాలం కూడా ముఖ్యమే. 1980ల తొలినాళ్లలో ఒక జట్టు మ్యాచ్‌కు సుమారు నాలుగు గోల్స్ చేసేది. 2003–04 నాటికి అది రెండున్నరకు కాస్త పైన ఆగింది. నాటి 90 పాయింట్లు, నేటి 90 పాయింట్లు ఒకటి కావు.

ఇదంతా ఒక కెరీర్‌కు వర్తింపజేసి చూద్దాం. జొనాథన్ చీచూ రైట్ వింగర్, 1998 డ్రాఫ్ట్‌లో 29వ స్థానంలో సాన్ హోసే జట్టుకు వెళ్లాడు. రెండేళ్లు ఏహెచ్‌ఎల్‌లో గడిపి వచ్చాక ఎన్‌హెచ్‌ఎల్‌లో అతని గోల్స్ వరుసగా ఇలా నడిచాయి: 9, 28, 56, 37, 23, 12, 5. మధ్యనున్న 56 ఆ ఏడాది లీగ్‌లోనే అత్యధికం. అది 2005–06. ఆ నవంబరు చివర బోస్టన్ నుంచి జో థార్న్‌టన్ సాన్ హోసేకు బదిలీ అయి వచ్చి, చీచూ పక్కన సెంటర్‌గా నిలిచాడు. ఆ సీజన్‌లో థార్న్‌టన్ రెండు జట్లకూ కలిపి 96 అసిస్ట్‌లు చేశాడు. అప్పుడు చీచూ వయసు 25, ఫార్వర్డ్‌లకు గోల్స్ బాగా పండే వయసు. అతని షాట్లలో 17 శాతానికి పైగా గోల్స్ అయ్యాయి. మంచి ఫార్వర్డ్‌లకు కూడా సాధారణంగా పది, పన్నెండు శాతం ఉండే లెక్క అది. గొప్ప సెంటర్, సరైన వయసు, తాత్కాలికంగా పెరిగిన షాట్ శాతం, ఈ మూడూ ఒకే ఏడాది కలిసివచ్చాయి. మరుసటి ఏడు థార్న్‌టన్ ఉన్నా శాతం దిగింది, తరువాత గాయాలు, హెర్నియా శస్త్రచికిత్స అతని వేగాన్ని తగ్గించాయి. 501 మ్యాచ్‌లు, 170 గోల్స్ అన్న మొత్తం ఈ కథలో ఏ ముక్కనూ చెప్పదు. ఏ ఫార్వర్డ్ వరుసల్లోనైనా ఒక్కసారిగా గోల్స్ ఎగబాకితే, ముందుగా షాట్ల సంఖ్యను చూడండి: షాట్లు కూడా పెరిగితే ఆటే మెరుగైందనవచ్చు, శాతం మాత్రమే పెరిగితే వచ్చే ఏడాది తగ్గుతుందని ఎదురుచూడవచ్చు.

పాయింట్లు తక్కువైనా ఏళ్ల తరబడి నిలిచినవారి పట్టికను ఇంకో దృష్టితో చదవాలి. మానీ మల్హోత్రా 991 మ్యాచ్‌లు ఆడి చేసినవి 295 పాయింట్లే. అన్ని సీజన్లు జట్లు అతణ్ని ఉంచుకున్నది ఫేస్‌ఆఫ్‌లు (ఆట మొదలయ్యేటప్పుడు పక్ కోసం ఇద్దరు ఎదురెదురుగా పడే పోటీలు) గెలిచే నేర్పు కోసం, జట్టుకు ఒక మనిషి తక్కువైనప్పుడు ప్రత్యర్థిని అడ్డుకోవడం కోసం. అటువంటి సెంటర్ దగ్గర ఫేస్‌ఆఫ్ శాతం, పెనాల్టీ సమయంలో ఆడిన నిమిషాలు చూడాలి. రక్షణలో ఉత్తమ ఫార్వర్డ్‌కు ఇచ్చే సెల్కీ ట్రోఫీని ఆరుసార్లు గెలిచిన పాట్రిస్ బెర్జెరాన్‌ను కూడా పాయింట్ల గడి ఒక్కటీ పట్టుకోలేదు. పెనాల్టీ నిమిషాలను మాత్రం తొందరపడి చదవకూడదు: చిన్న తప్పుకు రెండు నిమిషాలు, కొట్లాటకు ఐదు కనుక, 100 నిమిషాలు అలసత్వం వల్ల వచ్చాయా, పిడిగుద్దుల వల్ల వచ్చాయా అన్నది ఆ అంకె చెప్పదు.

చివరి వరుసలలో పాయింట్ల కంటే ముందు ఆడే సమయం తగ్గుతుంది. మొదటి లైన్ నుంచి మూడో లైన్‌కు, పవర్ ప్లే నుంచి బెంచీకి జరగడం ఒకటి రెండేళ్ల ముందే తెలిసిపోతుంది. అక్కడి నుంచి దారులు చీలతాయి. చీచూ మళ్లీ ఏహెచ్‌ఎల్‌లో ఆడి, ఆపై జాగ్రెబ్, మిన్స్క్, బ్రాటిస్లావా జట్లకు వెళ్లాడు. యాగర్ 2008 నుంచి మూడు సీజన్లు రష్యాలోని ఓమ్స్క్‌లో ఆడి, తిరిగి ఎన్‌హెచ్‌ఎల్‌కు వచ్చి, 2015–16లో, 44వ పుట్టినరోజు మధ్యలో వచ్చిన సీజన్‌లో, 66 పాయింట్లు చేశాడు. ఎన్‌హెచ్‌ఎల్ పట్టికను మాత్రమే చూసేవారికి ఆ మూడేళ్లు ఖాళీగా కనిపిస్తాయి. అన్ని లీగ్‌లూ ఉన్న పట్టికను తెరిస్తే అతడు ఆట ఆపనేలేదని తెలుస్తుంది. గోర్డీ హౌ విషయంలో ఈ జాగ్రత్త మరీ అవసరం: 1973 నుంచి 1979 వరకు డబ్ల్యూహెచ్‌ఏ అనే పోటీ లీగ్‌లో అతడు చేసిన 174 గోల్స్ ఎన్‌హెచ్‌ఎల్ లెక్కలోని 801లో చేరవు.