ఇటలీ చిన్న ఊళ్లు – 4వ పాఠం: కథ వెంట నడవడం

పోయిన పాఠంలో మ్యాప్ మీద ఊరిని ఎంచుకున్నాం. ఈసారి ఆ ఊరి కథ పట్టుకుని తిరగడం నేర్చుకుందాం. నేపుల్స్‌కి ఈశాన్యాన, కొండల నడుమ ఉన్న బెనెవెంటో ఒక్కటి చాలు.

ముందు పేరు చూడండి. రోమన్లకు ఇది మొదట మాలెవెంటుమ్. వాళ్ల చెవికి అందులో 'చెడు' వినిపించేది. క్రీ.పూ. 268లో ఇక్కడ తమవాళ్లను స్థిరపరిచాక, 'మంచి' వినిపించేలా బెనెవెంటుమ్ అన్నారు. అయినా ఇటలీలో దీనికి మంత్రగత్తెల ఊరనే పేరు పడింది!

ఇక్కడి మంత్రగత్తె జనారా. రాత్రిపూట తలుపు సందులోంచి దూరుతుందట. గుమ్మం దగ్గర చీపురో, ఉప్పుమూటో పెడితే సరి. పుల్లలన్నీ, ఉప్పురవ్వలన్నీ లెక్కపెడితే గానీ ఆమె లోపలికి రాలేదు. ఆ లెక్క తేలేలోపు తెల్లారిపోతుంది. (ఇంత లెక్కల పిచ్చి ఉన్న మంత్రగత్తెను నేనింకెక్కడా చూడలేదు.) వీళ్లంతా సబాటో నది ఒడ్డున వాల్‌నట్ చెట్టు కింద కలుస్తారని చెబుతారు.

ఇప్పుడు అసలు పని. ఈ చెట్టు అంతకుముందు ఎవరిదని అడగండి. ఆరో శతాబ్దం చివర ఈ ఊరు ఉత్తరం నుంచి దిగివచ్చిన జర్మానిక్ తెగ లాంబార్డుల చేతికొచ్చింది. వాళ్లు ఒక పవిత్రమైన చెట్టుకు జంతు చర్మం వేలాడదీసి, గుర్రాలమీద దౌడు తీస్తూ ఈటెలు విసిరేవారని, ఏడో శతాబ్దంలో బిషప్ బార్బాటస్ దాన్ని నరికేశాడని పాత కథనం. అందులో మంత్రగత్తెల ఊసే లేదు. ఒకరి పూజ ఇంకొకరికి దయ్యాల జాతరైంది.

ఆధారాలు ఆ ఊళ్లోనే దొరకాలనేం లేదు. 1428లో టోడీ పట్టణంలో మంత్రగత్తె అని కాల్చేసిన మత్తెయుచ్చా విచారణ పత్రాల్లో 'లేపనమా, నన్ను బెనెవెంటో వాల్‌నట్ చెట్టుకు చేర్చు' అనే మంత్రం ఉంది. చాలామంది ఈ మెట్టు దాటేస్తారు, అక్కడే కథ సగం పోతుంది.

ఊళ్లోకి వెళ్తే క్రీ.శ. 114 నాటి రోమన్ చక్రవర్తి ట్రేజన్ తోరణం ఎలాగూ కనిపిస్తుంది. దానికంటే ఈజిప్టు దేవత ఐసిస్ గుడి శిల్పాలున్న మ్యూజియంలో ఎక్కువసేపు ఉండండి. మంత్రగత్తెల కథకు మూలం ఆ దేవతేనని వాదించేవాళ్లూ ఉన్నారు. చివరికి 1860 నుంచి ఇక్కడే తయారయ్యే పసుపురంగు మద్యం సీసా మీద పేరు చదవండి: స్ట్రేగా. అంటే మంత్రగత్తె.

అభ్యాసం: ఉత్తర ఇటలీలోని లిగూరియా కొండల్లో ఉన్న ట్రియోరా అనే ఊళ్లో 1587లో మంత్రగత్తెల విచారణలు మొదలయ్యాయి. అక్కడ నింద వేసిందెవరు, రాసిందెవరు, ఇప్పుడా పేరుతో అమ్ముకుంటున్నదెవరు? వెతికి రాసిపెట్టుకోండి. 5వ పాఠం అక్కడి నుంచే మొదలు.